మంచు మేట, కొండ వాలు, మనిషి మకాం

(నాచారంలో జరిగిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఏప్రిల్ నెలలో, నాచారం పారిశ్రామికవాడ పక్కన, ఫ్యాన్ల కింద కూర్చుని మంచు గురించి మాట్లాడుకోవడం వింతగానే ఉంటుంది. ఆకాశం నుంచి మన నెత్తిన పడే మంచు ఏదైనా ఉందంటే అది వడగళ్ళే. మామిడి పిందెల మీద పడి రైతును ఏడిపించి, అరగంటలో కరిగిపోతాయి. విషయం ఇదీ అని రాసి పంపితే నిర్వాహకులు ఫోన్ చేసి మరోసారి అడిగారు. వాళ్ళ అనుమానంలో తప్పులేదు.

కానీ ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ మాస్టారి ఉద్యోగం చాలాభాగం ఉప్పల్‌లోని సర్వే శిక్షణ సంస్థలో గడిచింది. 1967లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో సర్వే ఆఫ్ ఇండియా అక్కడ ఆ కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ తర్వాత పేర్లు చాలాసార్లు మారాయి. చుట్టుపక్కలవాళ్ళకు మాత్రం ఇప్పటికీ అది సర్వే ఆఫ్ ఇండియానే. దేశం నలుమూలల నుంచి వచ్చిన కుర్రవాళ్ళకు మాస్టారు అక్కడ సమోన్నత రేఖలు, అంటే పటం మీద ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, చదవడం నేర్పారు. కొండను చూడకముందే కాగితం మీద దాని వాలును వేలితో పట్టుకోవడం ఆయన విద్య. ఆ ఉప్పల్ రోడ్డు మీదే, మెట్రోలో రెండు స్టేషన్లు ఇవతల, 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. ఎన్‌జీఆర్‌ఐ అంటే ఆటోవాళ్ళకు కూడా తెలుసు. అక్కడివాళ్ళ పని నేల కదలికను వినడం.

హిమాలయాల్లో మంచు ప్రమాదాన్ని అంచనా కట్టడానికి కావలసిన మూడు విద్యల్లో రెండు ఇలా మన ఉప్పల్ రోడ్డు మీదే ఉన్నాయి. మూడోది, మంచును తవ్వి, చేత్తో నొక్కి చదివే విద్య. అది మాత్రం ఇక్కడ దొరకదు. దానికోసం మనాలీకో చండీగఢ్‌కో పోవాలి. దానితోనే మొదలుపెడతాను.

కొండవాలు మీద పేరుకున్న మంచు మేటను దూరం నుంచి చూస్తే అంతా ఒకటే తెలుపు. పార పెట్టి నిలువునా కోస్తే పొరలు బయటపడతాయి. మధ్యధరా సముద్రం వైపు నుంచి శీతాకాలమంతా పశ్చిమ అలజడులు వస్తుంటాయి. వచ్చిన ప్రతిసారీ ఒక పొర వేసిపోతాయి. డిసెంబరులో పడింది అడుగున, మార్చిలో పడింది పైన. అప్పుడే పడిన మంచు ఘనపు మీటరుకు వంద కిలోలు కూడా తూగదు. ఏప్రిల్ నాటికి అదే మంచు అణిగి, తడిసి, నాలుగైదు వందల కిలోలకు చేరుతుంది. కాబట్టి వసంతంలో ఒక చిన్న వాలు మీద కూర్చున్న బరువు కూడా వేల టన్నుల్లో ఉంటుంది. ఆ బరువంతా ఏ పొర మీద ఆనుకుని ఉందన్నదే అసలు ప్రశ్న.

అడుగున నేల వెచ్చదనం మంచును దాదాపు సున్నా డిగ్రీల దగ్గర ఉంచుతుంది. పైన గాలి సున్నాకు పదిహేను డిగ్రీల కింద ఉందనుకోండి. మేట మందం మీటరే అయితే ఆ మీటరులోనే పదిహేను డిగ్రీల తేడా. మీటరుకు పది డిగ్రీలు దాటితే చాలు, అడుగు రేణువుల్లోంచి ఆవిరి లేచి పై రేణువుల మీద గడ్డకట్టడం మొదలవుతుంది. క్రమంగా గుండ్రటి రేణువులు పోయి కోణాలు తేలిన పలుకులు తయారవుతాయి. వాటి మధ్య పట్టు ఉండదు. పర్వతారోహకులు దాన్ని చక్కెర మంచు అంటారు. పిడికిట్లో ఎంత నొక్కినా ముద్ద కాదు, వేళ్ళ సందుల్లోంచి రాలిపోతుంది. దాని మీద గాలి కొట్టి గట్టిపరచిన మంచు పలకలా పరుచుకుంటే ఉచ్చు సిద్ధమైనట్టే. ఎవరో ఒకరు కాలు పెడతారు, కింద ధబ్‌మని ఒక చప్పుడు వినిపిస్తుంది, పట్టులేని పొర కుంగుతుంది, పగులు క్షణాల్లో వాలంతా పాకుతుంది. చాలా ప్రమాదాల్లో ఆ కాలు చిక్కుకున్నవాళ్ళదో వాళ్ళ జట్టులోని వాళ్ళదో అయి ఉంటుంది.

ఇలా పలకగా జారే మంచుచరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే పుడతాయి. అంతకన్నా పల్లంగా ఉంటే జారదు. అంతకన్నా నిటారుగా ఉంటే పడిన మంచు పడినట్టే రాలిపోతుంది, పేరుకోదు. మనిషి ఎక్కడానికి అనువుగా, స్కీయింగ్‌కు ఇష్టంగా కనిపించే వాలు కూడా సరిగ్గా అదే. ఈ అంకెలు గుర్తుంచుకోండి, మాస్టారి పటంలోకి వెళ్ళినప్పుడు మళ్ళీ కావాలి.

హిమాలయాలంతటా మంచు ఒకేలా ఉండదు. మన శాస్త్రవేత్తలు వాటిని మూడు మండలాలుగా చూస్తారు. పీర్ పంజాల్ లాంటి దిగువ శ్రేణుల్లో వాతావరణం కాస్త వెచ్చన, మంచు మెండు. మధ్యలో మహా హిమాలయం. పైన కారకోరం. అక్కడ చలి తీవ్రం, మంచు పొడి, గాలి ఎక్కువ, చక్కెర పలుకులు నెలల తరబడి అలాగే ఉండిపోతాయి. సియాచిన్ ఉన్నది అక్కడే. 2016 ఫిబ్రవరి 3న అక్కడి సోనం స్థావరం మీద 19,600 అడుగుల ఎత్తున మంచు విరిగిపడి 19వ మద్రాస్ రెజిమెంటు సైనికులు పదిమంది కూరుకుపోయారు. వాళ్ళలో ఒకరు మన కర్నూలు జిల్లా సిపాయి. కర్ణాటకకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరోరోజున ప్రాణంతో దొరికి, ఫిబ్రవరి 11న ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ వారం రోజులు తెలుగు పత్రికలు మంచుచరియల గురించి రాసినంతగా ఆ ముందూ రాయలేదు, ఆ తర్వాతా రాయలేదు.

ఇక వసంతం. శీతాకాలంలో మంచు మేటకు అడుగున ఒక ఉష్ణోగ్రత, పైన ఒకటి. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి పైనుంచి కిందిదాకా అంతా సున్నాకు చేరుతుంది. అక్కడి నుంచి వచ్చే వేడి మంచును వెచ్చబెట్టడానికి కాదు, కరిగించడానికే ఖర్చవుతుంది. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ళు కావాలి. ఇది పెద్ద మొత్తం కాబట్టే కరగడం నెమ్మదిగా సాగుతుంది, కాబట్టే గంగకూ సట్లెజ్‌కూ వేసవిలో నీళ్ళుంటాయి. బాలానగర్‌లోని మన జాతీయ దూరసంవేదన కేంద్రం, ఎన్‌ఆర్‌ఎస్‌సీ, ఉపగ్రహ చిత్రాల్లో మంచు విస్తీర్ణం కొలిచి, సట్లెజ్ గుండా భాక్రా జలాశయానికి ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎంత నీరు వస్తుందో ముందుగా లెక్కకట్టే పద్ధతిని దశాబ్దాల కిందటే సిద్ధం చేసింది. పంజాబ్ గోధుమ రైతుకు హైదరాబాద్‌లో జాతకం రాశారన్నమాట. కానీ విస్తీర్ణం తెలిసినంత మాత్రాన స్థిరత్వం తెలియదు. పైనుంచి చూసే కంటికి పొరలు కనపడవు.

మంచులో కొద్దిపాటి తడి ఉంటే రేణువుల మధ్య నీటిపొర వాటిని పట్టి ఉంచుతుంది. ఘనపరిమాణంలో మూడు శాతం దాటుతున్న కొద్దీ ఆ పట్టు సడలుతుంది. నీరు రేణువుల మధ్య మెడలను కరిగించి కిందికి దిగుతుంది. దిగుతూ దిగుతూ ఏదో గట్టి పెచ్చు దగ్గర ఆగుతుంది. పాత ఎండకు కరిగి మళ్ళీ గడ్డకట్టిన పెచ్చు అది. దాని మీద నీరు పరుచుకుంటుంది, పైనున్న మందపు పొరకు కింద ఆధారం పోతుంది. శీతాకాలపు మేటలోకి నీరు మొట్టమొదటిసారి దిగే రోజులు అన్నిటికన్నా చెడ్డవి. అలా కొన్ని వారాలు నీరు దారి చేసుకుని పారిపోయాక, కరుగుతూ గడ్డకడుతూ ముతకబారిన మంచు నిజానికి చాలా గట్టిపడుతుంది. వసంతం మొత్తాన్నీ ఒకే గాటన కట్టేసి భయపడనక్కర్లేదు.

ఈ కాలంలో ప్రమాదానికి వేళాపాళా ఉంటుంది. రాత్రి ఆకాశం తేటగా ఉంటే మంచు తన వేడిని నేరుగా ఆకాశానికి వదిలేస్తుంది. గాలి సున్నాకు కాస్త పైన ఉన్నా పై పొర గడ్డకట్టేస్తుంది. తెల్లవారుజామున బూటు ముల్లు కిర్రుమంటుంది, అడుగు దిగబడదు. తూర్పు వాలుకు ఎండ ముందు తగులుతుంది, తర్వాత దక్షిణానికి, మధ్యాహ్నం పడమటికి. చీలమండ దాకా కూరుకుపోవడం మొదలైతే ఆ వాలు మీద ఉండే గడువు అయిపోయినట్టే. అందుకే గైడు రాత్రి రెండింటికి లేపుతాడు. మనవాళ్ళు దాన్ని సూర్యోదయం చూపించడానికి అనుకుంటారు. రాత్రంతా మబ్బు కమ్ముకుని ఉండి, ఆ గడ్డకట్టడం జరగకపోతే ఆ పగటి లెక్కే మారిపోతుంది. మనకు మబ్బు అంటే చల్లదనం. అక్కడ వసంతపు రాత్రి మబ్బు పట్టిందంటే పొద్దున బయల్దేరవద్దనే అర్థం. థార్ ఎడారి దుమ్ము వచ్చి మంచు మీద పడితే ఆ మురికి పొర ఎండను మరింత పీల్చుకుని కరుగుడును ముందుకు జరుపుతుంది.

అయితే హిమాలయ వసంతం ఈ చక్కటి వేళలను ఎప్పుడూ పాటించదు. ఏప్రిల్‌లోనూ పశ్చిమ అలజడి వచ్చి, కరుగుతున్న పాత మేట మీద రెండు మూడు రోజులు కొత్త మంచు కుమ్మరించి పోతుంది. 1979 మార్చిలో లాహౌల్ లోయలో వరుసగా మంచుచరియలు పడి రెండు వందల మందికి పైగా చనిపోయారు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూలా దారిలో పట్టపగలు ఏడుగురు పర్యాటకులు పోయారు. పదమూడో మైలు దాకానే అనుమతి ఉంటే దాటి ముందుకు వెళ్ళినచోట జరిగిందది.

మరి ఒక వాలును నమ్మవచ్చో లేదో ఎలా చూస్తారు? సురక్షితమైన చోట, అసలు వాలును పోలిన దిక్కూ ఎత్తూ ఉన్నచోట గుంత తవ్వుతారు. గోడను పారతో నున్నగా చెక్కి ప్రతి పది సెంటీమీటర్లకూ ఉష్ణోగ్రత తీస్తారు. తర్వాత చేతి పరీక్ష. పిడికిలి దూరితే పొర చాలా మెత్తన. నాలుగు వేళ్ళు దూరితే కాస్త గట్టి. ఒక వేలు, ఆ తర్వాత పెన్సిలు, ఆఖరున చాకు. ప్రపంచమంతటా ఇదే కొలమానం. మెత్తటి పొర మీద గట్టి పొర కూర్చున్నచోట వేలు ఆగుతుంది. ఆ తర్వాత అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న నిలువు దిమ్మెను విడదీసి, పైన పార పెట్టి తట్టాలి. మణికట్టు నుంచి పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది. ఎన్నో దెబ్బకు విరిగిందన్నది ఒక సంగతి. ఎంత నున్నగా, ఎంత ఠక్కున విరిగిందన్నది ఇంకా ముఖ్యమైన సంగతి. దిమ్మె వెడల్పును 90 సెంటీమీటర్లు చేసి ఒక చివర తడితే, పగులు రెండో చివరిదాకా పరిగెత్తుతుందా, మధ్యలో ఆగుతుందా అన్నది కూడా తెలుస్తుంది.

ఇంతా చేసి, గుంత చెప్పేది గుంత ఉన్న చోటు గురించే. ఇరవై గజాల అవతల మంచు కింద బండరాయి ఉంటే అక్కడ మేట పలచన, చక్కెర పలుకులు ఎక్కువ, కథ వేరు. అనుభవజ్ఞులు అందుకే గుంతలో ధైర్యం వెతుక్కోరు, వెనక్కి తిరగడానికి కారణం ఉందేమో వెతుకుతారు. నిన్నో మొన్నో పక్క వాలు మీద చరియ పడిన జాడ, నడుస్తుంటే కింద ధబ్‌మన్న చప్పుడు, ఒక్కరాత్రిలో అడుగు మందాన కొత్త మంచు, గాలి ఎత్తిపోసిన దిబ్బలు, హఠాత్తుగా పెరిగిన వెచ్చదనం, మంచు మీద వాన. వీటిలో ఒకటి కనపడితే ఏ పరీక్షా దాన్ని కొట్టిపారేయలేదు.

మన దేశంలో ఈ పనికి 1969లో మనాలీ కేంద్రంగా మంచు, మంచుచరియల అధ్యయన సంస్థ మొదలైంది. సైన్యానికీ రోడ్డు సంస్థలకూ దశాబ్దాలుగా సూచనలిచ్చిన ఆ సంస్థ 2020లో మరో ప్రయోగశాలతో కలిసి చండీగఢ్‌లో రక్షణ భూసమాచార పరిశోధన సంస్థ, డీజీఆర్‌ఈ, అయింది. 2022లో ఉత్తర సిక్కింలో సైన్యంతో కలిసి చరియలను పసిగట్టే రాడార్ కూడా పెట్టింది. ఆ సంస్థ సూచనల్లో ప్రమాదస్థాయి అంకెల్లో ఉంటుంది. ఐరోపాలో 1993 నుంచి వాడే ఐదు మెట్ల కొలతలో జనం భయపడేది ఐదుకు. చచ్చిపోయేది మూడు దగ్గర. నాలుగు, ఐదు అన్నరోజు ఎవరూ ఇల్లు కదలరు. మూడు అన్నరోజు, మధ్యలోనే ఉన్నాం కదా అని బయల్దేరతారు. ఆల్ప్స్ మరణాల్లో పెద్దభాగం ఆ మూడో మెట్టు రోజుల్లోవే.

ఇప్పుడు ఎన్‌జీఆర్‌ఐ దగ్గరికి వస్తాను.

2021 ఫిబ్రవరి 7, ఆదివారం. పొద్దున పదీ ఇరవై దాటింది. ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలో రోంటీ శిఖరం ఉత్తర ముఖం నుంచి రాయీ మంచుగడ్డా కలిసి దాదాపు 2 కోట్ల 70 లక్షల ఘనపు మీటర్ల ముక్క ఊడి, 1,800 మీటర్లు కిందికి పడింది. ఐదింట నాలుగు పాళ్ళు రాయి, ఒక పాలు మంచుగడ్డ. రిషిగంగ మీది 13.2 మెగావాట్ల విద్యుత్ కేంద్రం తుడిచిపెట్టుకుపోయింది. దాని కింద కడుతున్న 520 మెగావాట్ల తపోవన్ విష్ణుగడ్ సొరంగంలో కార్మికులు చిక్కుకుపోయారు. చనిపోయినవారూ ఆచూకీ లేనివారూ కలిసి 204 మంది. 1974 మార్చిలో చిప్కో ఉద్యమంలో గౌరాదేవి, తోటి ఆడవాళ్ళు చెట్లకు అడ్డంగా నిలబడిన రైనీ గ్రామం ఉన్నది ఆ రిషిగంగ ఒడ్డునే.

హిమానీనదం పేలిందని ఆ రోజు అన్ని చానళ్ళూ చెప్పాయి. పేలడానికి అక్కడ సరస్సేమీ లేదు. మరి అంత నీరు ఎక్కడిది? లెక్క వేసి చూద్దాం. కిలో బరువున్న ఏ వస్తువైనా శిఖరం నుంచి లోయ అడుగుదాకా మూడు కిలోమీటర్లకు పైచిలుకు దిగితే దాదాపు 33 కిలోజౌళ్ళ శక్తి రాపిడిగా, వేడిగా విడుదలవుతుంది. కిలో మంచుగడ్డ కరగడానికి 334 కావాలని చెప్పుకున్నాం. అంటే పది కిలోల రాయి దిగితే కిలో మంచుగడ్డను కరిగించగలదు. ఆ ముక్కలో రాయి ఘనపరిమాణంలో నాలుగు రెట్లే గానీ, సాంద్రత మూడు రెట్లు కాబట్టి బరువులో పదకొండు రెట్ల పైన. లెక్క సరిపోయింది. శిఖరం మీద మంచుగడ్డగా బయల్దేరింది లోయ అడుగుకు వచ్చేసరికి బురదనీరయింది. ఈ సంగతి తేల్చిన అంతర్జాతీయ పరిశోధన ఆ ఏడాదే సైన్స్ పత్రికలో వచ్చింది.

అదే పత్రికలో అదే ఏడాది అక్టోబరులో ఇంకో వ్యాసం వచ్చింది. జర్మనీ శాస్త్రవేత్తలతో పాటు ఎన్‌జీఆర్‌ఐకి చెందిన రాజేశ్ రేకపల్లి, పూర్ణచంద్రరావు, శ్రీనగేశ్ మొదలైనవారు దాని రచయితలు. భూకంపాల అధ్యయనం కోసం ఎన్‌జీఆర్‌ఐ ఉత్తరాఖండ్‌లో పెట్టుకున్న పరికరాలు ఆ ఉదయం కొండచరియ ఊడటాన్నీ, అది లోయవెంట వరదై పరిగెత్తడాన్నీ నమోదు చేశాయి. వంద కిలోమీటర్ల దూరం దాకా ఆ జాడ పడింది. పద్నాలుగు వందల కిలోమీటర్ల ఇవతల, హబ్సిగూడ సిగ్నల్ దగ్గర మనం హారన్లు కొట్టుకుంటుంటే, ఆ పక్కన గోడ లోపలివాళ్ళు ఇలాంటి గీతలు చదువుతుంటారు. భూకంపం గీత ఒక్కసారిగా లేచి సన్నగిల్లుతుంది. ప్రవాహం గీత నెమ్మదిగా ఉబ్బి, పరికరానికి దగ్గరయ్యేకొద్దీ పెరుగుతుంది. ఆ తేడాను యంత్రం అప్పటికప్పుడు గుర్తుపట్టగలిగితే కింది లోయలో సైరన్ మోగించవచ్చన్నది వాళ్ళ వాదన.

ఎంత వ్యవధి దొరుకుతుంది? పుట్టిన చోటు నుంచి రిషిగంగ కేంద్రం సుమారు 15 కిలోమీటర్లు. అక్కడ ప్రవాహ వేగం సెకనుకు 25 మీటర్లు. ఇంకో పది కిలోమీటర్ల దిగువన తపోవన్. అక్కడికొచ్చేసరికి 16 మీటర్లకు తగ్గింది. ఈ రెండు చోట్ల మధ్య ప్రయాణమే ఏడు నుంచి పది నిమిషాలు. గట్టు మీదున్న మనిషి పైకి పరిగెత్తడానికి అది చాలు. సొరంగంలో వందల మీటర్ల లోపల ఉన్నవాడికి చాలుతుందా అన్నది వేరే సంగతి. పైగా సైరన్ ఊరికే నాలుగుసార్లు మోగితే ఐదోసారి ఎవరూ లేవరు.

ఈ పని గొప్పదే. ఉప్పల్ రోడ్డు వాళ్ళ పని కాబట్టి నాకు ఇంకాస్త గర్వం కూడా. కానీ ఇది నిమిషాలిచ్చే విద్య. మంచు గుంత గంటలిస్తుంది, వాతావరణ సూచన ఒకటి రెండు రోజులిస్తుంది. మాస్టారి పటం ఏళ్ళకు ఏళ్ళు ఇస్తుంది. వీటన్నిటిలో మనం తక్కువగా వాడుతున్నది పటాన్నే అని నా అభిప్రాయం. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

అదే చమోలీ జిల్లాలో, అదే సంవత్సరం ఏప్రిల్ 23న, జోషీమఠ్ నుంచి మలారీ మీదుగా సరిహద్దుకు పోయే దారిలో సుమ్నా దగ్గర సరిహద్దు రోడ్ల సంస్థ శిబిరం మీద మంచుచరియ పడింది. కొన్ని రోజులుగా వానా మంచూ కురుస్తున్నాయి. సైన్యం 384 మందిని బతికించి తెచ్చింది. పదిమందికి పైగా కార్మికులు దక్కలేదు. 2025 ఫిబ్రవరి 28న మళ్ళీ అదే జిల్లా, బదరీనాథ్ పైన మాణా. ఇనుప కంటైనర్లలో నిద్రపోతున్న 54 మంది కార్మికుల మీద తెల్లవారే వేళ మంచు విరిగిపడింది. 46 మంది బతికారు, కొంత ఆ కంటైనర్ల గట్టితనం వల్లే. ఎనిమిది మంది పోయారు. మాణా విషయంలో డీజీఆర్‌ఈ ముందురోజు సాయంత్రమే చమోలీతో సహా ఎత్తయిన ప్రాంతాలకు హెచ్చరిక ఇచ్చింది. శాస్త్రం తన పని తాను చేసింది. కానీ శిబిరం వాలు కిందే ఉంది, అక్కడున్నవాళ్ళు జీతం కోసం దూరదేశం వచ్చినవాళ్ళు. ముసురులో, చీకట్లో, హెచ్చరిక విని మాత్రం ఎక్కడికి పోతారు?

స్విట్జర్లాండ్ 1951 శీతాకాలంలో మంచుచరియలకు 98 మందిని పోగొట్టుకుంది. దావోస్ పైన కొండ మీద అప్పటికే మంచు పరిశోధనశాల ఉంది, హెచ్చరికలు ప్రకటిస్తూనే ఉన్నారు. అవి సరిపోవని అర్థమై, ఆ తర్వాత లోయలకు లోయలే పటాల మీద రంగులు వేశారు. ముప్పై ఏళ్ళకు ఒకసారైనా చరియ వచ్చిపోయే చోటు ఎరుపు. అక్కడ కొత్తగా ఇల్లు కట్టనివ్వరు. అరుదుగా, తక్కువ బలంతో వచ్చేచోటు నీలం. అక్కడ గోడ ఎలా కట్టాలో నియమాలుంటాయి. మంచు ఎప్పుడు జారుతుందో చెప్పడం కష్టం. ఎక్కడ జారుతుందో చెప్పడం అంత కష్టం కాదు, ఎందుకంటే కొండ మారదు. చెట్లు లేకుండా నిలువునా గీసినట్టున్న చారలు, విరిగి ఒకే దిక్కుకు వాలిన మొదళ్ళు, వాగు నోట్లో మే నెల దాకా కరగని మురికి మంచు కుప్ప, ఊళ్ళో ముసలివాళ్ళ మాట. ఇవన్నీ సాక్ష్యాలు.

వీటికన్నా ముందు పటం. 1:50,000 పటంలో సమోన్నత రేఖలు 40 మీటర్ల అంతరంతో గీశారనుకోండి. 30 డిగ్రీల వాలుకు 40 మీటర్లు ఎక్కాలంటే అడ్డంగా 69 మీటర్లు నడవాలి. పటం మీద అది 1.4 మిల్లీమీటర్లు. 45 డిగ్రీలకు 40 మీటర్లే, అంటే 0.8 మిల్లీమీటర్లు. రేఖల మధ్య ఎడం ఈ రెండింటి నడుమ ఉన్న ప్రతిచోటా పెన్సిలుతో రంగు పూసుకుంటూ పోతే చరియలు పుట్టగల వాలులన్నీ అరగంటలో తేలిపోతాయి. ఆ రంగు కింద వాగు ఎటు దిగుతుందో చూసుకోవాలి. అది తెరుచుకునే చదునుచోటు, నీళ్ళు దగ్గర, రోడ్డు దగ్గర, గుడారాలకు అనువు. శిబిరాలు సరిగ్గా అక్కడే వెలుస్తాయి. నేల చదునుగా ఉంటే భయంలేదనుకుంటారు గానీ, వేగంతో దిగిన మంచు చదును మీద వందల మీటర్లు పరిగెత్తగలదు. ఉప్పల్ శిక్షణ సంస్థలో మొదటి నెలలో నేర్పే పాఠానికి ఇది కొనసాగింపే, ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు. ప్రతి రోడ్డు కాంట్రాక్టులో, శిబిరం స్థలం ఖాయం చేసేముందు రంగు పూసిన ఈ పటం మీద ఒక బాధ్యతగల అధికారి సంతకం ఉండాలని రాస్తే అయ్యే ఖర్చు కాగితం ఖర్చే.

చివరగా ఈ హాల్లో ఉన్న కుర్రవాళ్ళ కోసం రెండు మాటలు. 2014 మే 25న మన గురుకుల విద్యార్థులు పూర్ణ, ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పటి నుంచి మన పిల్లలకు కొండల మీద మోజు పెరిగింది. మంచిదే. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుంటే భువనగిరి కొండ. ఆ ఇద్దరూ బండ ఎక్కడం నేర్చింది అక్కడే. బండ చేతికి పట్టు నేర్పుతుంది, మంచు సంగతి నేర్పలేదు. మార్చి, ఏప్రిల్‌లో ఉత్తరాఖండ్ మంచు ట్రెక్కులకు వెళ్ళే సాఫ్ట్‌వేర్ పిల్లల్ని నేను చాలామందిని చూస్తుంటాను. బూట్లు, జాకెట్లు, కెమెరాలు అన్నీ ఉంటాయి. దారి ఏ వాలు కింద నుంచి పోతుందో ఒక్కరూ అడగరు. ఈ రాత్రి మబ్బా, తేటా? వాలు దాటేసరికి ఎంతవుతుంది? మంచు కింద చిక్కినవాళ్ళను వెతికే సంకేత పరికరం, గుచ్చి చూసే కడ్డీ, పార జట్టులో ఎందరి దగ్గరున్నాయి? గైడును ఈ మూడూ అడగండి. ఆల్ప్స్ లెక్కల్లో పావుగంటలోపు బయటికి తీస్తే పదింట తొమ్మిదిమంది బతికేవాళ్ళు, ముప్పై అయిదు నిమిషాలకు ముగ్గురే. కొత్త లెక్కలు ఆ పావుగంటను కూడా పది నిమిషాలకు కుదించాయి. బయటినుంచి సాయం వచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది. పక్కవాడే తవ్వి తీయాలి.

ఈ ఉపన్యాసం నిర్వాహకులకు ఒక మనవి. వచ్చే ఏడాది ఇలాంటి ఉపన్యాసానికి బదులు, ట్రెక్కులకు వెళ్ళే పిల్లలకు పటం చదివే శిక్షణ ఒక పూట పెట్టండి. సర్వే నుంచి రిటైరైనవాళ్ళు రామంతాపూర్‌లో, హబ్సిగూడలో, ఈ నాచారంలో ఇంకా చాలామంది ఉన్నారు, పిలిస్తే కాదనరు. హిమాలయ పటాల్లో బహిరంగంగా దొరికేవి తెచ్చుకుందాం. పెన్సిళ్ళు, మిల్లీమీటరు స్కేళ్ళు నేను తెస్తాను. ఇక ప్రశ్నలుంటే అడగండి. వెనక వరుసలో చెయ్యెత్తిన అమ్మాయితో మొదలుపెడదాం.